గడ్డి మొక్కకి కత్తెర పెట్టే ముందు: "నేల మట్టానికి కోసేయండి" అని నేను చెప్పింది తప్పు

ఈ ఎపిసోడ్ సారీతో మొదలుపెట్టాలి. తప్పదు.

ఏప్రిల్ ఆఖర్లో నేనొక షార్ట్ పెట్టాను, గుర్తుందా? నలభై సెకన్లు. "గడ్డి జాతి మొక్కలు ఎండినట్టు కనిపిస్తే భయపడొద్దు, నేల మట్టానికి కోసేయండి, పది రోజుల్లో మళ్ళీ వచ్చేస్తాయి" అని మంచి కాన్ఫిడెన్స్‌తో చెప్పాను. మీలో చాలామంది చూశారు. చూసి ఊరుకుంటే బాగుండేది. కొంతమంది చేశారు కూడా.

గుంటూరు నుంచి ఒక చెల్లి మెసేజ్ పెట్టింది. గేటు పక్కన వాళ్ళమ్మగారు మూడేళ్ళుగా పెంచుకుంటున్న మాండో గ్రాస్ బోర్డర్ మొత్తం నా మాట విని కోసేసిందట. నలభై రోజులైంది, సగం దుబ్బులు లేవలేదు. "అన్నా, అమ్మ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు" అని రాసింది. పక్కన ఒక్క నవ్వే ఎమోజీ కూడా లేదు.

ఆ అమ్మాయికి రిప్లై రాద్దామని కూర్చుంటే అసలు విషయం బయటపడింది. అది ఎందుకు చచ్చిపోయిందో నాకు తెలీదు. ఆ సలహా నాకెక్కడి నుంచి వచ్చిందో మాత్రం తెలుసు. ఉయ్యూరు దగ్గర మా తాతయ్య చెరకు వేసేవారు. చెరకు నరికాక మిగిలిన మోళ్ళని నేల మట్టానికి చెక్కించేవారు. కొన్నాళ్ళకి అక్కడి నుంచే కొత్త పిలకలు గుంపుగా లేచేవి. దాన్ని కార్శి తోట అంటారు. చిన్నప్పుడు అది చూసి ఆశ్చర్యపోయిన కుర్రాడు, పెద్దయ్యాక చెరకూ గడ్డే కాబట్టి అన్ని గడ్డి మొక్కలకీ అదే రూల్ అనుకున్నాడు. ఒక్క టెస్ట్ కేస్ పాసైతే ప్రొడక్షన్‌లోకి తోసేసినట్టు. కోడ్ రాసేటప్పుడు ఇలా చేస్తే మా మేనేజర్ ఊరుకునేవాడు కాదు. యూట్యూబ్‌లో అడిగేవాళ్ళు లేరు కదా.

సరే, ఇప్పుడు సరిగ్గా చెప్తాను. షార్ట్ కాదు, కాస్త ఓపిగ్గా వినండి.

మామూలు మొక్క, అంటే గులాబీయో మందారమో, కొమ్మ చివర పెరుగుతుంది. చివర తుంచితే పక్క కళ్ళ నుంచి కొత్త కొమ్మలొస్తాయి. అందుకే వాటికి తలలు కత్తిరిస్తాం. గడ్డి అలా కాదు. దాని పెరుగుదల అడుగున ఉంటుంది. ఆర్టీసీ బస్సులో కండక్టర్ చేతిలో టికెట్ మెషీన్ చూశారు కదా. కాగితం మెషీన్ లోంచి బయటికొస్తుంది. ముందొచ్చిన ముక్క చివర ఉంటుంది, కొత్తగా వచ్చేది మెషీన్ నోటి దగ్గర ఉంటుంది. గడ్డి ఆకూ అంతే. ఆకు చివర అన్నిటికన్నా పాతది, మొదలు అన్నిటికన్నా కొత్తది. మేక వచ్చి గరికని రోజూ మేసి పోయినా అది మళ్ళీ మళ్ళీ లేవడానికి కారణం ఇదే. మేక కాగితం చింపుకు పోయింది, మెషీన్ జోలికి పోలేదు.

ఆ మెషీన్ ఉండే చోటు, అంటే వేళ్ళకీ ఆకులకీ మధ్య లావుగా, గట్టిగా ఉండే భాగం, దాన్ని ఇంగ్లీషులో క్రౌన్ అంటారు. నేను కుదురు అంటాను. ఈ రోజు మీరు గుర్తుపెట్టుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మొక్క కుదురు ఎక్కడుంది? చెరకుకి మొలకెత్తే కళ్ళు మట్టి లోపల మిగిలిపోయిన కణుపుల దగ్గర ఉంటాయి. అందుకే నేల మట్టానికి చెక్కినా ఏం కాదు, పైగా లోపలి కళ్ళు మేల్కొంటాయి. కానీ అన్నిటికీ కుదురు మట్టి లోపలే ఉండదు. నేను మిస్సయింది అదే.

ఇంట్లో ఒక ప్రయోగం చేయండి. నిమ్మగడ్డి కాడ ఒకటి మొదలుతో సహా పీకండి. చాకుతో నిలువునా చీల్చండి. ఉల్లిపాయలా పొర మీద పొర కనిపిస్తుంది. నిజానికి అది కాండం కాదు, ఆకుల మొదళ్ళు ఒకదాన్నొకటి చుట్టుకుని కాడలా కనిపిస్తున్నాయి. బాగా అడుగున, వేళ్ళు మొదలయ్యే చోట, చిన్న గట్టి బిళ్ళలా ఉంటుంది, దాని మీద చిన్న మొన. వీడియోలో నా వేలు చూపిస్తున్నది దాన్నే. చదివేవాళ్ళ కోసం చెప్తున్నా, శనగ గింజ కంటే పెద్దది కాదు. అది తెగితే ఆ కాడ కథ అయిపోయినట్టే. దాని పైన ఎక్కడ కోసినా బతుకుతుంది.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. నిమ్మగడ్డిలో కొత్త పిలకలు పాతవాటి పక్కన వస్తూ వస్తూ కుదురు మెల్లగా పైకి తేలుతుంది. కుండీలో మట్టి కూడా ఏటేటా కిందికి దిగుతుంది. మూడేళ్ళ కుండీ చూస్తే కుదురు మట్టికి పైన కనిపిస్తూ ఉండొచ్చు. అప్పుడు "నేల మట్టానికి" కోశామంటే మెషీన్‌నే కోశామన్నమాట.

ఇది పుస్తకంలో చదివి చెప్పట్లేదు. మా టెర్రస్ మీదున్న నిమ్మగడ్డి మా అమ్మమ్మ ఇచ్చింది. ఆవిడ పోయి నాలుగేళ్ళయింది. ఆ షార్ట్‌లో నేను కోసి చూపించింది ఆ కుండీనే. వీడియో ఎండ్‌లో "పది రోజుల్లో చూపిస్తా" అన్నాను, ఎందుకు చూపించలేదో ఇప్పుడు తెలిసిందిగా. దాదాపు ముప్పై కాడలు ఉండేవి. మే నెలంతా చూస్తే మూడు లేచాయి. కుదురు పక్కన, కాస్త లోతులో ఉన్న మూడు. మా అమ్మ ఏమీ అనలేదు. రోజూ పొద్దున ఆ కుండీ దగ్గర ఒక్క నిమిషం నిలబడి కిందికి దిగేది. తిడితే బాగుండేది అనిపించింది.

సో, నిమ్మగడ్డి ఎలా కోయాలి? మట్టి నుంచి కాదు, కుదురు నుంచి కొలవండి. కుదురుకి 10 నుంచి 15 సెంటీమీటర్లు, అంటే ఆరంగుళాల లోపు ఎత్తు వదిలి పైన కోయండి. తెల్లటి లావు భాగం ఉండాలి, పచ్చటి ఆకు పోవాలి. కొత్తగా నాటిన దాన్ని నాలుగు నెలలు ముట్టుకోవద్దు. తర్వాత రెండు మూడు నెలలకొకసారి కోసుకోవచ్చు. చేతికి గ్లవ్స్ వేసుకోండి, దాని ఆకు అంచు కాగితం కోసినట్టు కోస్తుంది, అప్పుడు తెలీదు, నిమ్మకాయ పిండేటప్పుడు తెలుస్తుంది. దుబ్బు మధ్యలో ఎండిపోయి చుట్టూ మాత్రమే పచ్చగా ఉంటే కోతతో లాభం లేదు. మొత్తం పీకి, రెండు మూడు కాడలు వేళ్ళతో సహా విడదీసి వేరే కుండీల్లో పెట్టాలి.

ఇప్పుడు రెండో తప్పు. ఇది నాదొక్కడిదే కాదు, మీలో చాలామంది చేస్తారు. ఆకు చివర్లు ఎండితే నీట్‌గా ఉండాలని అన్నీ ఒకే ఎత్తులో కట్ చేస్తాం, హెయిర్‌కట్ లాగా. పూర్తిగా ఎదిగిన ఆకు పెరగడం ఆపేసి ఉంటుంది. టికెట్ చింపేశాక ఆ ముక్క పొడుగవదు కదా. కోసిన చోట కొత్త మొన రాదు, అక్కడ గోధుమరంగు గీత పడుతుంది. వారంలో మొక్కంతా చివర్లు కాలిపోయినట్టు కనిపిస్తుంది. ఆ ఆకు చచ్చేదాకా అలాగే ఉంటుంది. అందుకని పచ్చగా ఉన్న ఆకుని సగంలో కోయకండి. ఎండిన ఆకుని అడుగు దాకా తీసేయండి. ఎండిందాన్ని చాలాసార్లు చేత్తో లాగితేనే వచ్చేస్తుంది. రాకపోతే కత్తెర.

అయితే మన ఇళ్ళల్లో "గడ్డి మొక్క" అని పిలిచేవన్నీ గడ్డి కాదు. కాండాన్ని వేళ్ళ మధ్య పెట్టి దొర్లించి చూడండి. బోలుగా, మధ్యమధ్యలో కణుపులు తగిలితే చాలావరకు అది అసలు గడ్డి. వెదురు, చెరకు, రెల్లు ఈ జాతే. కణుపుల్లేకుండా మూడు పలకలుగా తగిలితే అది తుంగ జాతి. నున్నగా, గుండ్రంగా, లోపల థర్మాకోల్ లాంటి బెండుతో ఉంటే అది రష్. దానికి తెలుగులో అందరూ వాడే పేరు నాకు దొరకలేదు, రష్ అనే అంటాను. జపాన్ వాళ్ళు ఇంట్లో పరుచుకునే తాతామీ చాపల పైపొర నేసేది ఈ రష్‌తోనే. మన దగ్గర ఆ పని తుంగ చేస్తుంది. ఈ రెండూ కాకుండా, కాండమే కనిపించకుండా మట్టిలోంచి నేరుగా ఆకులొచ్చేవి కొన్ని ఉన్నాయి. మాండో గ్రాస్, లిరియోప్, స్పైడర్ ప్లాంట్. ఇవి శతావరి కుటుంబం. పేరులో గ్రాస్ ఉన్నంత మాత్రాన గడ్డి అయిపోదు, జావాస్క్రిప్ట్ జావా కానట్టు.

తుంగ జాతిలో మనకి బాగా తెలిసింది అంబ్రెల్లా ప్లాంట్. నీళ్ళ తొట్టిలో పెడతారే, పొడుగు పుల్ల మీద గొడుగులా ఆకులు విచ్చుకుని ఉంటాయి, అది. మడగాస్కర్, ఆఫ్రికా వైపు నుంచి వచ్చింది. పుల్ల మధ్యలో ఆకులుండవు, ఉన్నదంతా పైన గొడుగే. కాబట్టి సగానికి కోస్తే మిగిలేది వట్టి పుల్ల. అది ఇంకేమీ చేయదు, నెమ్మదిగా పసుపై పోతుంది. గొడుగు పసుపు రంగుకి తిరిగితే ఆ పుల్లని అడుగు దాకా కోసేయండి. కొత్త పుల్లలు పక్కనుంచి లేస్తాయి. కోసినవాటిలో ఒక పచ్చటి గొడుగుని పారేయకండి. రెండంగుళాల పుల్ల ఉంచి, గొడుగు ఆకుల్ని సగానికి కత్తిరించి, తలకిందులుగా నీళ్ళలో వేయండి. గొడుగు నీళ్ళలో, పుల్ల పైకి. కొన్ని వారాల్లో గొడుగు మధ్య నుంచి వేళ్ళూ పిలకలూ వస్తాయి. మా కాలేజీ ఫ్రెండ్‌కి చెప్తే నమ్మలేదు, ఇప్పుడు వాడి ఫ్లాట్‌లో ఐదు తొట్లున్నాయి.

రష్‌ల సంగతి. ఆన్‌లైన్‌లో కార్క్‌స్క్రూ రష్ అని దొరుకుతుంది, స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటుంది. ముచ్చటపడి తెప్పించాను. దీనికి ఆకులు దాదాపు ఉండవు, అడుగున చిన్న తొడుగులుగా మిగిలిపోయాయి. పచ్చటి కాడే ఆకు పని చేస్తుంది. కాబట్టి కాడని కోయడమంటే దాని వంట గదిని కూల్చడమే. ఏడాది పొడవునా పచ్చగా ఉండే రకం కాబట్టి గుంపుగా కోయక్కర్లేదు. గోధుమరంగుకి మారిన కాడల్ని ఒక్కొక్కటీ వెతికి అడుగున కత్తిరించాలి. విసుగు పని. నేను ఫోన్లో పాడ్‌కాస్ట్ పెట్టుకుని చేస్తాను. దువ్వెనలా వేళ్ళు పెట్టి కింది నుంచి పైకి దువ్వితే సగం ఎండువి వాటంతటవే ఊడొస్తాయి. ఎప్పుడూ తడిలో ఉండాలి దానికి. తడి ఆరితే మీరు కత్తిరించే దానికంటే అది ఎండేదే ఎక్కువ.

ఫౌంటెన్ గ్రాస్ ఈ మధ్య రోడ్డు డివైడర్ల మీద, విల్లాల ముందు బాగా పెడుతున్నారు. ఊదారంగు ఆకు, నక్కతోకలా వెన్ను. ఇది అసలు గడ్డి. దీన్లో ఒక పిలక వెన్ను వేసిందంటే దాని పెరుగుదల అక్కడితో ముగిసింది, ఆ మొనే పువ్వుగా మారిపోయింది. వరి అయినా అంతే. వెన్ను ఎండిన కాడని అడుగు దాకా తీసేస్తే కొత్త పిలకలకి చోటు, వెలుతురు వస్తాయి. దుబ్బంతా గడ్డివాములా తయారైతే మొత్తం ఒకేసారి కోయొచ్చు, ఆరంగుళాలు వదిలి. ఆకుపచ్చ రకమైతే వెన్నులు ఎండి గింజ రాలకముందే కోసేయండి. హవాయి దీవుల్లో అది తోటల్లోంచి బయటపడి కొండలెక్కింది, ఎండాక త్వరగా అంటుకుని కార్చిచ్చులు పెంచుతోంది. ఊదా రకానికి గింజ పెద్దగా పట్టదు, ఆ భయం తక్కువ.

ఎప్పుడు కోయాలి? ఇక్కడ ఇంటర్నెట్ మనల్ని ముంచుతుంది. సెర్చ్ చేస్తే "లేట్ వింటర్" అని వస్తుంది. అది మంచు పడే దేశాలకి. అక్కడ గడ్డి చలికి ఎండిపోతుంది, ఆ ఎండుటాకే కుదురుకి దుప్పటిలా పనిచేస్తుంది. అందుకే చలి తగ్గేదాకా ఉంచి, కొత్త పచ్చదనం రాకముందు, ఫిబ్రవరి ఆఖరు, మార్చిలో కోస్తారు. డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురు మనిషెత్తు మిస్కాంతస్ పెంచుతుంది. అక్క చేసే పని చూసి నేను నేర్చుకున్నది ఒకటుంది: కోసే ముందు దుబ్బుని నడుం దగ్గర తాడుతో గట్టిగా కట్టేస్తుంది, వరి పనలాగా. తర్వాత కోస్తే కట్ట కట్టగా వచ్చేస్తుంది, ఊడ్చే పని లేదు.

మనకి మంచు లేదు, ఎండ ఉంది. పెద్ద కోత కోశాక మొక్క వేళ్ళలో దాచుకున్న దానితో కొత్త ఆకులు వేయాలి. ఏప్రిల్, మే నెలల్లో టెర్రస్ మీద కుండీ ఎంత వేడెక్కుతుందో చేత్తో ముట్టుకుంటే తెలుస్తుంది. నీడ ఇచ్చే ఆకులు తీసేసి, కుదురుని ఎండకి పెట్టి, మళ్ళీ లేవమంటే ఎలా? నా షార్ట్ వచ్చింది సరిగ్గా అప్పుడే. రెండు తప్పులు ఒకేసారి. నా లెక్కలో అయితే తొలకరి పడి నేల చల్లబడ్డాక, జూన్ చివర్లో పెద్ద కోత మంచిది. కుదరకపోతే ఫిబ్రవరి. ఎండుటాకులు ఏరడం మాత్రం ఎప్పుడైనా చేసుకోండి.

స్పైడర్ ప్లాంట్ చివర్లు ఎండటం గురించి చాలామంది అడుగుతారు. అక్కడ కత్తెర మందు కాదు. నీళ్ళలో లవణాలు, ఫ్లోరైడ్ దానికి పడవు, మన బోరు నీళ్ళలో రెండూ ఉండే చోట్లు చాలా ఉన్నాయి. వాన నీళ్ళు పట్టి పోయండి, నెలకోసారి కుండీ కింది నుంచి కారిపోయేలా నిండుగా పోయండి. చూడటానికి బాలేదంటే ఎండిన చివర మాత్రం ఏటవాలుగా, ఆకు ఆకారంలోనే కత్తిరించండి. పచ్చటి భాగంలోకి పోకండి, సన్నటి గోధుమరంగు అంచు వదిలేయండి.

చివరికి గుంటూరు బోర్డర్ దగ్గరికి వద్దాం. మాండో గ్రాస్ చాలా నెమ్మదస్తురాలు. గడ్డి వారంలో వేసే ఆకు దీనికి నెలలు పడుతుంది. కొత్త ఆకులు మొలిచేముందు, పాతవి మరీ పాడైతేనే, ఏడాదికొకసారి కుదురు తగలకుండా పైపైన కోయాలి. అంతే దాని కోత. ఆ చెల్లికి నిన్న కాల్ చేశాను. లేవని దుబ్బుల్ని ఒక్కొక్కటిగా మెల్లగా లాగి చూడమన్నాను. మెత్తగా ఊడొచ్చి కుళ్ళు వాసన వస్తే పోయినట్టే. గట్టిగా పట్టుకుని, మొదట్లో తెల్లగా ఉంటే బతికే ఉంది. అలాంటివాటిని తవ్వొద్దు, ఎరువు వెయ్యొద్దు. మధ్యాహ్నం నీడ పడేలా గ్రీన్ నెట్ కట్టి, మట్టి తడిగా ఉంచి వదిలేయాలి. బాగున్న సగం నుంచి పక్క పిలకలు వేళ్ళతో సహా విడదీసి ఖాళీల్లో నాటుకోవచ్చు, ఇప్పుడు వానలు మొదలయ్యాయి కాబట్టి సమయం మంచిదే. మాట్లాడుతుండగా వెనక నుంచి వాళ్ళమ్మగారి గొంతు వినిపించింది. "ఆ అబ్బాయిని ఒకసారి వచ్చి నాటి పెట్టమను" అని.

పాత షార్ట్ తీసేశాను. మా నిమ్మగడ్డి మూడు కాడలు ఈ రోజుకి ఏడయ్యాయి. ఆగస్టు దాకా దాన్ని నేను కోయను, టీకి కూడా. ఆ బోర్డర్‌లో పదకొండు దుబ్బులు గట్టిగా ఉన్నాయని పొద్దున మెసేజ్ వచ్చింది, ఫోటోలు వచ్చాక వచ్చే శనివారం చూపిస్తాను.